నేరస్థలంలో చేతిపని

మైపాడు సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో పడిన చెప్పు గుర్తుకు ఆయుష్షు తక్కువ. పోటు వస్తే చెరిగిపోతుంది, ఎండ ముదిరితే అంచులు రాలిపోతాయి, అంతకన్నా ముందే చూడవచ్చిన జనం కాళ్ల కింద మాసిపోతుంది. దాన్ని కోర్టు దాకా చేర్చే భారం చాలావరకు అక్కడికి మొదట చేరుకున్న కానిస్టేబులు మీదే ఉంటుంది. ప్రయోగశాలలో ఎంత గొప్ప యంత్రమున్నా, ఆ కానిస్టేబులు కాపాడి పంపినదాన్ని మాత్రమే అది పరీక్షించగలదు. అందుకే నేరస్థల పరిశోధనలో పోలీసులకిచ్చే శిక్షణ ఎక్కువ భాగం ఆరుబయట, మన నేల మీద, చేతులకు పని చెప్పేదిగా ఉండాలని నా అభిప్రాయం.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1910లో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డ్ పేరు మీద ఒక సూత్రం ప్రసిద్ధం: రెండు వస్తువులు తాకినప్పుడు ఒకదాని అణుమాత్రమైనా రెండోదానికి అంటుతుంది. దీన్ని బోధించడానికి మన ప్రాంతంలో ఉదాహరణలకు కొదవ లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల దారిలో తిరిగిన లారీ టైర్ల సందుల్లో నల్లరాతి పొడి ఉంటుంది, ఆ రాతికి రాగిరంగు మెరుపునిచ్చే బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు ఆ పొడిలోనూ దొరకవచ్చు. సైదాపురం వైపు మట్టిలో అభ్రకపు పొరలు తళుక్కుమంటాయి, తీరం వెంట రొయ్యల చెరువుల బురద తీరే వేరు. అయితే అనుమానితుడి చెప్పుకంటిన మట్టిని ఒక్కదాన్నే పంపితే పెద్దగా ప్రయోజనం ఉండదు. ఘటన జరిగిన చోటి నుంచీ, దాని చుట్టుపక్కల నాలుగైదు చోట్ల నుంచీ విడివిడిగా తీసిన నమూనాలుంటేనే పోల్చడానికి వీలవుతుంది. ఈ సూత్రం పోలీసులకూ వర్తిస్తుంది. లోపలికి వెళ్లిన ప్రతి అధికారీ తన అడుగునో వెంట్రుకనో అక్కడ వదిలే వస్తాడు గనుక, రాకపోకలకు ఒకే దారిని గుర్తించి తాడు కట్టడం అభ్యాసంలో మొదటి మెట్టు.

ఇసుకలోని అడుగుజాడను అచ్చు తీయడం చూడటానికి సులువే, చేయబోతే ఓపికను పరీక్షిస్తుంది. ముందుగా పక్కన స్కేలు పెట్టి, కెమెరాను గుర్తుకు సరిగ్గా పైన నిలిపి, లైటును పక్కవాటంగా వేసి ఫొటో తీయాలి, ఎందుకంటే అచ్చు చెడిపోతే మిగిలేది ఆ ఫొటో ఒక్కటే. పొడి ఇసుకైతే రేణువులు కదలకుండా హెయిర్ స్ప్రే లాంటి దాన్ని దూరం నుంచి మంచులా పడనిస్తారు. ఆ తర్వాత పళ్ల డాక్టర్లు వాడే డెంటల్ స్టోన్ పొడిని, కిలోకు 300 మిల్లీలీటర్లకు కాస్త పైగా నీళ్లతో, గట్టి సంచిలో వేసి ఉండలు లేకుండా పిసుకుతారు. అది దోసెల పిండిలా జారాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, డెంటల్ స్టోన్ రెండూ రసాయనికంగా ఒకటే పదార్థం. రెండోదాని స్ఫటికాలు దట్టంగా ఉండటం వల్ల తక్కువ నీటితోనే కలిసి, గట్టిగా గడ్డకట్టి, చెప్పు అడుగున ఉన్న చిన్న కోతను సైతం పట్టుకుంటుంది. పిండిని గుర్తు మీద నేరుగా పోస్తే ఇసుక చెదిరిపోతుంది కాబట్టి పక్కన పోసి, మెల్లగా లోపలికి పారనివ్వాలి. అరగంటకు గట్టిపడిన అచ్చును లేపాక, దానికంటిన ఇసుకను వెంటనే బ్రష్షుతో రుద్దకూడదు. అది పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల అచ్చులు చాలావరకు ఈ తొందరలోనే పాడవుతాయి.

రక్తపు మరక విషయంలోనూ తొందరే శత్రువు. సిమెంటు గచ్చు మీద ఎండిన మరకను, డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన దూది పుల్లకు ఎక్కించి, పక్కనే మరక లేని చోటి నుంచి ఇంకో పుల్లతో నమూనా తీసి, రెండింటినీ నీడలో ఆరబెట్టి వేర్వేరు కాగితపు కవర్లలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలిచి బాక్టీరియా, బూజు పెరుగుతాయి, డీఎన్ఏ చెడిపోతుంది. కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది. చేతికందిన పాలిథిన్ సంచిలో కట్టేయాలన్న కోరిక పుట్టేది కూడా సరిగ్గా అప్పుడే.

వేలిముద్రల విద్యకు మన దేశంలో ఘనమైన చరిత్రే ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది, ఎడ్వర్డ్ హెన్రీ అనే బ్రిటిష్ పోలీసు అధికారి పేరుతో ప్రపంచమంతా పాకిన వర్గీకరణకు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల కృషి ఆధారం. గాజు మీద పొడి చల్లి ముద్ర తేల్చేటప్పుడు బ్రష్షు కొసలు మాత్రమే తగలాలి, గీతలు కనిపించగానే చేయి ఆపాలి. కాగితమైతే పొడి జోలికి పోకుండా, చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదారంగు తేల్చే నిన్‌హైడ్రిన్ కోసం ప్రయోగశాలకు పంపడమే మేలు.

నేర విచారణ పద్ధతిని నిర్దేశిస్తూ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఈ శిక్షణ అవసరాన్ని పెంచింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలనీ, ఆ పనిని వీడియో తీయించాలనీ 176వ సెక్షన్ చెబుతోంది. దీన్ని ఏ తేదీ నుంచి అమలు చేయాలో ప్రకటించడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. సోదాలనూ స్వాధీనాలనూ వీడియోలో నమోదు చేయాలన్నది 105వ సెక్షన్. చట్టం మంచిదే కానీ, నెల్లూరు నుంచి ఉదయగిరి వైపు పల్లెకు ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ రావడమంటే గంటల ప్రయాణం. రోహిణి కార్తె ఎండలో ఆ వ్యవధిలోనే శవం స్థితి మారిపోతుంది, ఈగలు గుడ్లు పెట్టేస్తాయి. అంతదాకా స్థలాన్ని కాపాడేది స్థానిక స్టేషన్ సిబ్బందే.

కాబట్టి కల్పిత నేరస్థలంతో చేయించే అభ్యాసం సీలు వేయడంతో ఆగిపోకూడదు. ఒంగోలులోని పోలీసు శిక్షణ కళాశాలలోనైనా, జిల్లా కేంద్రంలోనైనా, సేకరించినవాళ్లను బోను లాంటి చోట నిలబెట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేయించాలి: ఈ కవరును ఎవరు కట్టారు, రాత్రి ఎక్కడ ఉంది, ఎవరి చేతికి ఎప్పుడు మారింది? పంచనామాలో రాసిన సమయానికీ వీడియోలో కనిపించే సమయానికీ పది నిమిషాల తేడా వస్తే కోర్టులో జవాబు చెప్పాల్సింది వాళ్లే గనుక, స్టేషన్ నుంచి బయలుదేరే ముందు కెమెరా గడియారాన్ని సరిచూసుకోవడం కూడా ఈ అభ్యాసంలో చేర్చవలసిన పనే.