ఐసీయూలో పేషెంటు చేతులు కట్టేయడం: ఈ గొడవ వెనకాల ఏముంది

మంచం కమ్మీకి చేతులు కట్టేసి ఉన్న పేషెంటు వీడియో ఒకటి బయటికి వస్తే చాలు, మళ్లీ అదే గొడవ. ఇంటివాళ్లు మనిషినా పశువునా అంటారు, ఆస్పత్రివాళ్లు ట్యూబు పీకేసుకుంటే ప్రాణం పోతుంది కదా అంటారు, రెండు రోజులయ్యాక ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టర్ని సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటారు. పాతకాలపు పిచ్చాసుపత్రులు, గొలుసులు, బ్రిటిష్ చట్టాలు చాలామందికి తెలిసిన కథే, అక్కడి నుంచి మొదలుపెట్టను. నా లెక్కలో అసలు మలుపు 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని ఒక్క వాక్యం.

ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. గొలుసులు వేయడాన్ని అది ఏ రూపంలోనైనా సరే నిషేధించింది. కట్టేయడం గురించి సెక్షన్ 97లో ఉంది. పేషెంటుకో పక్కవాళ్లకో అప్పటికప్పుడు హాని జరిగే పరిస్థితి ఉండి, ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, అదీ సైకియాట్రిస్టు అనుమతితో, ఎంతసేపు తప్పదో అంతసేపే కట్టాలి. ఎలా కట్టారు, ఎందుకు, ఎంతసేపు అన్నది వెంటనే కేస్ షీట్‌లో రాయాలి, పేషెంటు తరఫు మనిషికి 24 గంటల్లోపు చెప్పాలి. శిక్షగా ఎప్పుడూ వాడకూడదు. నేను చెప్తున్న వాక్యం దీని తర్వాతే వస్తుంది: సిబ్బంది సరిపోవడం లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ కట్టేయకూడదు. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లందరికీ తెలిసి కూడా ఎవరూ పైకి అనని విషయాన్ని చట్టం పేరు పెట్టి చెప్పింది.

ఆ వాక్యం వెనక ఏర్వాడి ఉందని నేను నమ్ముతాను. తమిళనాడులో రామనాథపురం జిల్లాలో దర్గా ఉన్న ఊరు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడ మానసిక రోగుల్ని ఉంచిన ఒక పాక అంటుకుంది. లోపలున్న వాళ్లలో ఎక్కువమందికి గొలుసులు వేసి ఉన్నాయి, మంటలు కనిపిస్తున్నా లేచి పరిగెత్తలేకపోయారు, 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అదంతా క్రూరత్వమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. రాత్రంతా మేలుకుని చూసుకునే మనుషుల్ని పెట్టే బదులు గొలుసు పెట్టారు, ఎందుకంటే గొలుసుకి జీతం ఇవ్వక్కర్లేదు.

మనుషులు చాలనప్పుడు పేషెంటుని కట్టేయొచ్చా అన్న ప్రశ్న జపాన్‌లో కూడా కోర్టుకెక్కింది, అక్కడ జవాబు వేరేలా వచ్చింది. 2003 నవంబర్‌లో ఐచి రాష్ట్రంలోని ఇచినోమియాలో ఒక ఆస్పత్రిలో 80 ఏళ్ల ముసలావిడ రాత్రంతా డైపర్ మార్చమని మాటిమాటికీ నర్సుల్ని పిలిచింది. చివరికి నర్సులు ఆవిడ రెండు చేతులకీ గుడ్డ తొడుగులు వేసి, వాటి తాళ్లని మంచానికి కట్టారు. దాదాపు రెండు గంటలు. ఆవిడ ఒక తొడుగుని పళ్లతో లాగేసుకుంది, ఆ పెనుగులాటలో మణికట్టుకీ పెదవికీ గాయాలయ్యాయి. నగోయా హైకోర్టు 7 లక్షల యెన్‌లు నష్టపరిహారం ఇవ్వమంది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఆ రాత్రి 27 మంది పేషెంట్లకి ముగ్గురే నర్సులు, ఒక్కరి దగ్గరే కూర్చోవడం కష్టం అన్నది కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ నర్సుల మీద నాకు కోపం లేదు. కానీ ముగ్గుర్నే పెట్టిన లెక్క ఎవరిదో, ఆ కష్టాన్ని ముసలావిడ చేతుల మీద ఎందుకు రాశారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన చట్టం ఇంకో అడుగు ముందుకి వేసింది, కానీ ఐసీయూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. అది మానసిక వైద్యం జరిగే చోట్లకి రాసిన చట్టం. న్యుమోనియాతో చేరి, జ్వరం వల్లో మందుల వల్లో నిద్ర లేకపోవడం వల్లో మూడో రోజుకి డెలీరియంలోకి, అంటే ఉన్నట్టుండి మతి గందరగోళమయ్యే స్థితిలోకి వెళ్లి, ఎక్కడున్నానో తెలియక ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు లాగేసుకునే మామూలు పేషెంటు దాని కిందకి రాడు. సిబ్బంది కొరత సాకు కాదు అన్న వాక్యం అతనికి వర్తించదు. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఐసీయూలో ప్రతి షిఫ్టులో పేషెంటుకి ఒక నర్సు ఉండాలి. మీరు చూసిన ఐసీయూల్లో ఎన్నింట్లో ఉన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

మా పెదనాన్న ఉన్న ఐసీయూలో రాత్రిపూట నలుగురు పేషెంట్లకి ఒక్క నర్సు అమ్మాయి. పొద్దున ఏడింటికి ఐదు నిమిషాలు లోపలికి పంపినప్పుడు చూశాను, రెండు మణికట్లకీ రోలర్ బ్యాండేజీ చుట్టి కమ్మీకి ముడేశారు, కుడిచెయ్యి ఉబ్బి ఉంగరం కనిపించకుండా చర్మంలోకి దిగిపోయింది. ఆ అమ్మాయే పరిగెత్తుకొచ్చి ముడి విప్పింది, పక్క బెడ్డు ఆయనకి రాత్రంతా సీరియస్‌గా ఉందని, ఇటు రాలేకపోయానని చెప్తూ ఏడ్చేసింది. పెదనాన్న కళ్లజోడు, చెవి మిషను మా దగ్గరే కవర్లో ఉన్నాయి. మేం నలుగురం బయట కుర్చీల్లో మేలుకునే ఉన్నాం. ఒకర్ని పక్కన కూర్చోనిచ్చి, ఆ కళ్లజోడు పెట్టి, ఇది ఆస్పత్రి పెదనాన్నా అని చెప్పనిచ్చి ఉంటే ఆ బ్యాండేజీ అవసరమే రాకపోవచ్చు. కట్టేస్తే డెలీరియం ఇంకా ముదురుతుందని, కట్టినా ట్యూబులు పీక్కునేవాళ్లు ఉన్నారని ఐసీయూల్లో పనిచేసేవాళ్లకీ తెలుసు.

కట్టినప్పుడు అన్నీ రాసి పెట్టడం ఎందుకు ముఖ్యమో 2020 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్‌లో జరిగిన గొడవ చూస్తే తెలుస్తుంది. బిల్లు కట్టలేదని 80 ఏళ్ల పెద్దాయన్ని ప్రైవేటు ఆస్పత్రిలో మంచానికి కట్టేశారని ఇంటివాళ్లు, ఫిట్స్ వస్తుంటే దెబ్బ తగలకుండా కట్టామని ఆస్పత్రి. ఏ టైముకి కట్టారు, ఎవరు చెప్తే కట్టారు, మధ్యలో ఎన్నిసార్లు విప్పి చూశారు అని ముందే కాగితం మీద ఉంటే అలాంటి గొడవ మాటకి మాట వ్యవహారంగా మిగిలిపోదు. ఇలాంటి వీడియో బయటికి వచ్చినప్పుడు ఇంటివాళ్లు ముందు ఆ కేస్ షీట్ అడగాలి, దాంతో పాటు ఆ రాత్రి ఎవరెవరికి డ్యూటీ వేశారో చెప్పే రోస్టర్ కూడా. సస్పెండయిన సిస్టర్ పేరు అందరికీ తెలుస్తుంది, ఆ రోస్టర్ మీద సంతకం పెట్టినవాళ్ల పేరు ఎవరూ అడగరు.