మోర్స్ నేర్వాలా, వద్దా: పాత తగవు మూలాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. ఫోన్లు మూగబోయాయి. లైసెన్సు తీసుకుని ఇష్టంతో సొంతంగా నడిపే హామ్ రేడియోకు, చుక్కలు గీతల సంకేత భాష అయిన మోర్స్ ఇంకా అవసరమా అని ఎవరైనా అడిగితే శ్రీకాకుళం జిల్లాలో నాకు ముందు ఆ రోజే గుర్తుకు వస్తుంది.

హామ్ లైసెన్సు పరీక్షలోకి మోర్స్ వచ్చింది ఓడల కారణంగా. ఓడలూ తీర కేంద్రాలూ చుక్కలు, గీతలతోనే మాట్లాడుకునే రోజులవి. ఆపద సంకేతం వెళుతోంది, తప్పుకోండి అంటే ఆ రేడియో నడిపే హామ్‌కు అర్థం కావాలి. 1999 ఫిబ్రవరి 1 నాటికి ఓడలకు ఉపగ్రహాలతో కూడిన కొత్త రక్షణ వ్యవస్థ పూర్తిగా అమల్లోకి రావడంతో ఆ కారణం తీరిపోయింది. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు మోర్స్ పరీక్షను ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. అమెరికా 2007లో ఎత్తేసింది. మన దేశంలో మోర్స్ అడగని రెస్ట్రిక్టెడ్ గ్రేడ్, అడిగే జనరల్ గ్రేడ్ అని రెండు మెట్లు పెట్టారు.

ఇంకా మోర్స్ నేర్వడం ఎందుకన్న అసలు తగవు, పరీక్ష అందరికీ తప్పనిసరి కాకుండా పోయాకే ముదిరింది. రేడియోలో మాట పంపడానికి తరంగాల్లో దాదాపు 3,000 హెర్ట్జ్ వెడల్పున్న దారి కావాలి, మోర్స్‌కు 150 చాలు. శక్తి అంతా ఆ సన్నని దారిలోనే వెళుతుంది కాబట్టి 5 వాట్ల చిన్న రేడియో పెట్టె, ఒక బ్యాటరీ, చెట్టుకు కట్టిన తీగతోనూ దూరానికి వినిపిస్తుంది. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ సందేశాల పద్ధతి చెవికి అందని సంకేతాన్నీ పట్టుకుంటుంది, కాదనను. కానీ దానికి కంప్యూటరు కావాలి, గడియారం సరిగ్గా ఉండాలి, సొంతంగా రాసే సందేశం 13 అక్షరాలు దాటకూడదు. వంతెన తెగిందనీ మందులు కావాలనీ అందులో ఎలా ఇముడుతుంది?

విపత్తులో హామ్‌లు ఎక్కువగా మాటలతోనే కబురు పంపుతారన్నది నిజమే. మాట అందని చోటికే మోర్స్. అందరికీ పరీక్షగా మళ్లీ రుద్దమని నేను కోరను, ఆ భయంతో ఆగిపోయినవారు ఎందరో. సోంపేట, కవిటి వంటి చోట్ల ఇద్దరు ముగ్గురైనా ఇష్టంగా నేర్వాలన్నదే నా కోరిక. గీత నిడివి మూడు చుక్కలంత. లఘువుకు రెట్టింపు గురువని ఛందస్సులో చదువుకున్న మనకు ఈ లెక్క కొత్త కాదు. కాగితం మీద బట్టీపడితే మాత్రం వేగం రాదు, ప్రతి అక్షరాన్నీ ఒక నాదంగా వినాలి. చెవికి అది అలవడడానికి నెలలు పడుతుంది. తిత్లీ వాయుగుండంగా మారిన మూడు రోజులకే తీరం దాటింది.