బందరు రోడ్డు దాటేటప్పుడు బండి గుద్దితే బాధ్యత ఎవరిది?

బెజవాడకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క కొండలు, నడుమ కాలువలు. అందుకే ఊరి రాకపోకలన్నీ కొన్ని రోడ్ల మీదకే చేరతాయి. ఏలూరుకూ మచిలీపట్నానికీ పోయే దారుల పక్కనే దుకాణాలు, ఆసుపత్రులు, కాలేజీలు వెలిశాయి. చెన్నై-కోల్‌కతా, హైదరాబాద్-మచిలీపట్నం రహదారులు బెంజి సర్కిల్ దగ్గర కలుస్తాయి. దూరం పోయే లారీ, కూరల సంచితో రోడ్డు దాటే మనిషి ఒకే తారు మీద ఉంటారు. ప్రమాదం జరిగినప్పుడల్లా చట్టం డ్రైవరు వైపే చూసింది. రోడ్డు వైపు చూడటం మొన్నమొన్ననే మొదలైంది.

మూడు వరుసల రోడ్డు ఒక వైపే 10.5 మీటర్ల వెడల్పు. ఇంజనీర్లు నడక వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా లెక్క కడతారు. అంటే ఆ సగం దాటడానికే దాదాపు 9 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఈలోపు 150 మీటర్లు వచ్చేస్తుంది. రాత్రిపూట హెడ్‌లైటు చూసి అంత దూరాన్ని అంచనా వేయడం ఎవరివల్లా కాదు. ముసలివాళ్లకు ఇంకా కష్టం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ట్రాన్స్‌ఫార్మరు, దుకాణం బోర్డు, నిలిపిన బైకులు, పలక ఊడిన డ్రైన్ అడ్డొస్తే మనిషి రోడ్డు మీదకు దిగుతాడు, బండ్లకు వీపు పెట్టి నడుస్తాడు. ఆగిన బస్సు ముందునుంచి దాటడం మరో పెద్ద కారణం: బస్సును దాటుకొచ్చే బండికి మనిషి కనబడడు, మనిషికి ఆ బండి కనబడదు. రాంగ్ రూట్‌లో వచ్చే బైకు సంగతి సరేసరి. దాటేవాళ్లు ముందుగా కుడివైపే చూస్తారు.

ఇక చట్టం. చనిపోయినవారి కుటుంబం పరిహారం అడిగే హక్కు 1855 ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టంతో వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం నేరమని చెప్పే 304ఏ సెక్షన్‌ను భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)లో 1870లో చేర్చారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106(1) ఉంది; గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పాదచారిలాంటి మూడో వ్యక్తికి బీమా తప్పనిసరి అన్నది 1939 మోటారు వాహనాల చట్టం. పరిహారం దావాలు వినే ట్రిబ్యునళ్లు 1956 సవరణతో వచ్చాయి. అయినా డ్రైవరు తప్పును కుటుంబమే రుజువు చేయాల్సి వచ్చేది. చూసినవాళ్లు సాక్ష్యానికి రాకపోతే చేతికి ఏమీ దక్కేది కాదు. 1982లో తప్పుతో పని లేకుండా మరణానికి 15,000 రూపాయలు ఇచ్చే సెక్షన్ చేర్చారు. మొత్తం చిన్నదే కానీ ఆలోచన పెద్దది. 2001లో కౌష్నుమా బేగం కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. టైరు పేలి బోల్తా పడిన జీపు తగిలి, నడిచివెళ్లే మనిషి చనిపోయాడు. డ్రైవరు నిర్లక్ష్యం లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిందేనంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలోని పరిహారం భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 164 కింద తప్పు రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి. ఇక్కడే చాలామంది తొందరపడి ఆ 5 లక్షలతో సరిపెట్టుకుంటారు. నెలకు 15,000 సంపాదించే 35 ఏళ్ల చిరువ్యాపారి భార్యను, ఇద్దరు పిల్లలను వదిలి పోయాడనుకుందాం. డ్రైవరు తప్పు చూపి దావా వేసే సెక్షన్ 166 కింద ఆదాయంలో భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపి, సొంత ఖర్చు మూడో వంతు తీస్తే నెలకు 14,000. ఏడాదికి 1,68,000. ఎన్నేళ్ల ఆదాయం లెక్కించాలో చెప్పే గుణకం ఆ వయసుకు 16 కాబట్టి 26,88,000. రోడ్డు చూడకుండా దాటాడని బీమా కంపెనీ రుజువు చేస్తే కొంత శాతం కోస్తారు, మొత్తం పోగొట్టరు. చిన్నపిల్లలకైతే ఆ కోత సాధారణంగా పెట్టరు. దావాకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. విజయవాడలో దెబ్బ తగిలిన గుంటూరు మనిషి గుంటూరులోనే దావా వేయవచ్చు. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరక్కపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం వేరే ఉంది. మైనరు నడిపితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా.

రోడ్డు వేసి చూసుకునేవారి బాధ్యత మాత్రం ఇంకా పలచనే. అదే చట్టంలోని సెక్షన్ 198ఏ ప్రకారం ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరు, ఇంజనీరు, సంస్థపై జరిమానా లక్షకు మించదు; అదీ ప్రమాద నిధికే పోతుంది, బాధితుడికి కాదు. ఇది అన్యాయమైన పరిమితి. 2025 మే 14న సుప్రీంకోర్టు అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌ను ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమంది.

ఆ హక్కును కోర్టులో నిలబెట్టాలంటే ఆధారం కావాలి. ప్రమాదం జరిగిన రోజే ఊడిన పలక, చెరిగిన జీబ్రా గీతలు, వెలగని దీపం ఫొటోలు తీయాలి. ఫుట్‌పాత్ వెడల్పు టేపుతో కొలిచి రాసుకోవాలి. ఆ రోడ్డు కార్పొరేషన్‌దో, ఆర్ అండ్ బీదో, జాతీయ రహదారుల సంస్థదో సమాచార హక్కు దరఖాస్తుతో తేల్చుకోవాలి. ఎఫ్ఐఆర్‌లో రోడ్డు లోపం రాయించకపోతే తర్వాత అది కేసులోకి రావడం చాలా కష్టం.