ఐబీడీలో ప్రొటీన్లు: అపోహలు – వాస్తవాలు

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఎవరికైనా ఐబీడీ, అంటే పేగులో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు (క్రోన్స్ వ్యాధో, అల్సరేటివ్ కొలైటిసో) ఉందని తేలితే ఇంట్లో మొదట బంద్ అయ్యేవి పప్పు, గుడ్డు, కూర. ఇక చారన్నం, మజ్జిగన్నమే. ప్రొటీన్ అనే ఒక్క మాట ఈ జబ్బులో నాలుగు చోట్ల వినిపిస్తుంది: పళ్లెంలో, పేగు గోడలో, ల్యాబ్ రిపోర్టులో, సూదిమందులో. అన్నింటినీ ఒకటే అనుకోవడం వల్లే తిప్పలు.

అపోహ: గుడ్డు, చికెన్ వేడి; పప్పు వాతం. తింటే పుండ్లు పెరుగుతాయి.

పేగులో వాపును రగిలించేవి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-23 లాంటి ప్రొటీన్లు. వాటిని తయారు చేసేది మన ఒంట్లోని రక్షణ కణాలే, కోడిగుడ్డు కాదు. తిన్న ప్రొటీన్ అరిగి, చిన్న ముక్కలై రక్తంలో కలుస్తుంది; పుండు మానడానికి అదే కావాలి.

జబ్బు తిరగబెట్టినప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరం. నెమ్మదించాక 1 గ్రాము చాలు. (కిడ్నీ జబ్బు కూడా ఉంటే ఈ లెక్క డాక్టర్ వేయాల్సిందే.) అంటే జబ్బు తిరగబెట్టినప్పుడు 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. రెండు గుడ్లతో 12, ఎముక లేని 100 గ్రాముల చికెన్‌తో 20, 50 గ్రాముల పెసరపప్పుతో 12, పావు లీటరు పెరుగుతో 8, 200 గ్రాముల బియ్యంతో 14 – మొత్తం 66 గ్రాములు. అదే చారన్నం, పల్చటి మజ్జిగన్నంతో గడిపితే రోజుకు 20 దాటడం కష్టం. తొడలు, భుజాలు సన్నబడేది అందుకే.

జాగ్రత్త పడాల్సింది ప్రొటీన్ విషయంలో కాదు, పొట్టు విషయంలో. క్రోన్స్‌లో పేగు ఒకచోట సన్నబడితే గుడాలు, పల్లీలు, మక్కగింజలు అక్కడ ఇరుక్కుంటాయి. పొట్ట ఉబ్బి, మెలిపెట్టి, వాంతులవుతాయి. అలాంటివాళ్లు పొట్టు తీసిన పెసరపప్పును మెత్తగా ఉడికించి మెదిపి తినాలి. కొలైటిస్ ఉన్నవాళ్లు మటన్ తగ్గించి చేప, చికెన్ వైపు మొగ్గడం మేలు. పాలు పడకపోయినా పెరుగు చాలామందికి పడుతుంది.

అపోహ: అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) తగ్గింది, తిండి సరిపోవట్లేదు. రోజూ నాలుగు తెల్లసొనలు తింటే పెరుగుతుంది.

తిండి ఒక్కటే కారణం కాదు. వాపు ఉన్నంతకాలం కాలేయం అల్బుమిన్ తయారీ తగ్గించి, వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువ చేస్తుంది. పుండుపడ్డ పేగు నుంచి అల్బుమిన్ కారిపోతుంది కూడా. రక్తంలో ఉన్న అల్బుమిన్ సగానికి తగ్గడానికే దాదాపు 20 రోజులు పడుతుంది, అది అంత నెమ్మదిగా మారుతుంది, కాబట్టి వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయించి దిగులుపడొద్దు. వాపు అదుపులోకి వస్తేనే అది కోలుకుంటుంది. ఇంకో మాట: అల్బుమిన్ బాగా తక్కువున్నవాళ్లలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఐబీడీ సూదిమందు ఒంట్లోంచి త్వరగా పోతుంది, డోసు సరిపోకపోవచ్చు.

అపోహ: కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కువ వచ్చిందంటే క్రోన్సే.

అది తెల్లరక్తకణాల్లోని ప్రొటీన్. అవి పేగులోకి చేరితే మలంలో కనబడుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ, 250 దాటితే ఎక్కువ. కానీ ఇన్ఫెక్షన్‌లోనూ, పేగు టీబీలోనూ, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు వాడినా పెరుగుతుంది. ఏ గోళీలు మింగుతున్నారో ముందే చెప్పాలి. శాంపిల్‌లో నీళ్లు, మూత్రం కలవొద్దు.

అపోహ: సూదిమందుకు బదులు అదే మందు గోళీగా ఇవ్వొచ్చు.

ఈ జబ్బుకు వాడే సూదిమందులు ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ కూడా ప్రొటీన్లే. మింగితే పప్పులాగే అరిగిపోతాయి. (కొలైటిస్‌కు వాడే టోఫాసిటినిబ్ అనే మందు ప్రొటీన్ కాదు, అందుకే గోళీగా వస్తుంది.) ఇన్‌ఫ్లిక్సిమాబ్ సాధారణంగా కిలోకు 5 మిల్లీగ్రాములు: మొదటి రోజు, 2వ వారం, 6వ వారం, ఆ తర్వాత 8 వారాలకోసారి. కొంచెం నయమైందని మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెడితే ఒళ్లు ఆ మందుకే యాంటీబాడీలు తయారు చేసుకోవచ్చు. అప్పుడు మందు పనిచేయదు, ఎక్కించేటప్పుడు రియాక్షన్ కూడా రావచ్చు.

అడాలిముమాబ్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండాకాలంలో వరంగల్‌లో కొని భూపాలపల్లికి తీసుకెళ్లేవాళ్లు ఐస్‌బాక్స్‌లో పెట్టాలి, కానీ ఐస్‌ప్యాక్‌కు, మందుకు మధ్య మందమైన గుడ్డ ఉండాలి. గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపించినా వాడొద్దు.

ఇక టీబీ. మన దగ్గర దీన్ని దాటవేయడానికి వీల్లేదు. ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిములను కట్టడి చేసి ఉంచే ప్రొటీన్లలో టీఎన్ఎఫ్ ఒకటి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ దాన్నే ఆపుతాయి; ఆపగానే ఆ క్రిములు లేచి పాకొచ్చు. అందుకే మొదటి డోసుకు ముందే ఛాతీ ఎక్స్‌రే, నిద్రపోతున్న టీబీని పట్టే మాంటూ (చర్మ పరీక్ష) లేదా ఇగ్రా (రక్త పరీక్ష) చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే, అది ఇరవై ఏళ్ల కిందటి మాటైనా సరే, డాక్టర్‌కు చెప్పండి.