150 మెగాహెర్ట్జ్ దగ్గర అసలు తగాదా ఏమిటి?

ఉపగ్రహ ఇంటర్నెట్ మీద వాదన మళ్లీ రాజుకుంది. 2025లో స్పేస్‌ఎక్స్ వారి ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్‌కు టెలికం శాఖ లైసెన్సు, ఆ వెంటనే అంతరిక్ష రంగ అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ అనుమతి వచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఈ చర్చ నెలసరి ధర, వేగం, ఏజెన్సీ గ్రామాలకు దక్కే కనెక్షన్ల చుట్టూనే తిరుగుతోంది. ఈ ఉపగ్రహాల రేడియో రొద టెలిస్కోపులకు అడ్డొస్తోందన్న ఖగోళ శాస్త్రవేత్తల అభ్యంతరాన్ని ఎవరైనా ప్రస్తావిస్తే అది చివర్లో ఒక వాక్యం. కానీ తగాదాకు మూలం అక్కడే ఉంది.

1930ల్లో కార్ల్ జాన్‌స్కీ ఆకాశం నుంచి రేడియో తరంగాలు పట్టిన కథ చాలాసార్లు చెప్పుకున్నదే. దాన్ని వదిలి నేరుగా 2023కు రావాలి. నెదర్లాండ్స్ కేంద్రంగా పనిచేసే లోఫార్ రేడియో టెలిస్కోప్‌తో ఒక బృందం 68 స్టార్‌లింక్ ఉపగ్రహాలను గమనించి, వాటిలో 47 నుంచి 110–188 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో రొద వస్తోందని ఆ ఏడాది ప్రకటించింది. ఆ ఉపగ్రహాలు ఇంటి మీది డిష్‌కు డేటా పంపేది 10 గిగాహెర్ట్జ్‌కు పైన. అంటే ఇది ఎవరూ కావాలని పంపిన సంకేతం కాదు. లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి బయటికి కారుతున్న తరంగం. 2024లో అదే టెలిస్కోప్‌తో రెండో తరం ఉపగ్రహాలను చూస్తే, రొద మొదటి తరం కన్నా 32 రెట్ల దాకా ఎక్కువని తేలింది.

నా దృష్టిలో మొత్తం వివాదాన్ని విప్పిచెప్పే మలుపు ఇదే. అంతర్జాతీయ టెలికం సమాఖ్య నిబంధనలన్నీ ప్రసారాల కోసం రాసినవి. ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత బలంతో పంపవచ్చో అవి చెబుతాయి. పంపకుండానే వెలువడే తరంగాల విషయంలో ఉపగ్రహాలను కట్టడి చేసే నియమం వాటిలో లేదు. కాబట్టి కంపెనీ ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. టెలిస్కోప్‌కు జరిగే నష్టం మాత్రం నష్టమే.

రేడియో ఖగోళ శాస్త్రానికి ప్రత్యేకంగా ఫ్రీక్వెన్సీలు కేటాయించడం 1959 జెనీవా సదస్సుతో మొదలైంది. ఆకాశంలోని హైడ్రోజన్ వెలువరించే తరంగం (హైడ్రోజన్ గీత) ఉన్న 1400–1427 మెగాహెర్ట్జ్ పట్టీ గురించి అందరూ చెబుతారు. మనకు ముఖ్యమైనది ఇంకొకటి: 150.05–153 మెగాహెర్ట్జ్. రేడియో నిబంధనల్లో ఒక ఫుట్‌నోట్ ఆస్ట్రేలియా, భారత్ పేర్లు చెప్పి మరీ ఈ పట్టీలో రేడియో ఖగోళానికి ప్రాథమిక హోదా ఇచ్చింది. లోఫార్‌కు వినిపించిన రొద ఈ పట్టీ మీద కూడా పడింది.

పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్, 2010–12 మధ్య సరిగ్గా 150 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆకాశాన్ని సర్వే చేసింది. దక్షిణాన మైనస్ 53 డిగ్రీల ఖగోళ అక్షాంశం వరకు, మొత్తం ఆకాశంలో దాదాపు 90 శాతం. సర్వే చేసిన భారత బృందం కొన్ని భాగాలే విడుదల చేయగలిగింది. అదే డేటాను హైబ్ ఇంటెమా, సహచరులు మళ్లీ మొదటి నుంచి శుద్ధిచేసి 2017లో ప్రచురించిన జాబితాలో సుమారు 6.2 లక్షల రేడియో మూలాలు, అంటే రేడియో తరంగాలు వెలువరించే ఖగోళ వస్తువులు, ఉన్నాయి. ఇలాంటి జాబితాలో ప్రకాశవంతమైనవాటికి వచ్చే ప్రమాదం తక్కువ. రొద పెరిగితే ముందు పోయేవి మసకవి. సంఖ్యలో ఎక్కువ అవే, విశ్వం వయసుతో పాటు ఎలా మారిందో చెప్పేవీ అవే. రాత్రి వీధిలో బారాత్ బ్యాండు పోతుంటే పక్కగదిలో పసిబిడ్డ ఊపిరి వినడం లాంటి పని అది. మసక మూలాల లెక్క తప్పితే ఏమవుతుందో 1950ల్లోనే తెలిసింది. 1955 నాటి కేంబ్రిడ్జి రేడియో జాబితాలోని 1,936 మూలాల్లో చాలావాటిని సిడ్నీ బృందం తమ సర్వేలో చూడలేకపోయింది. విశ్వం ఎలా మారిందంటూ ఆ జాబితా మీద కట్టిన వాదన కూడా దాంతో కదిలిపోయింది.

‘మళ్లీ సర్వే చేసుకోవచ్చు కదా’ అనేవారికి జవాబు బేగంపేటలోనే ఉంది. ప్యారిస్‌లో 1887లో మొదలైన ఆకాశ ఛాయాచిత్ర పథకంలో చిలీలోని శాంటియాగో అబ్జర్వేటరీ వదిలేసిన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీని బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ తలకెత్తుకుంది. 1914 నుంచి 1929 దాకా ఆ పట్టీకి ఫొటో ప్లేట్లు తీసింది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ అబ్జర్వేటరీ వదిలేసిన ఉత్తర భాగంలో ప్లస్ 36 నుంచి 39 డిగ్రీల వరకు కూడా చేసింది. పని చాలావరకు డైరెక్టర్ టి.పి. భాస్కరన్ హయాంలోనే జరిగింది. ఆ కొలతల అసలు విలువ 2000లో బయటపడింది. 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కగట్టిన టైకో-2 జాబితాకు హిప్పార్కస్ ఉపగ్రహ కొలతలు ఒక కొస అయితే, హైదరాబాద్‌తో సహా ఈ పాత ప్లేట్లు రెండో కొస. 1914 నాటి ఆకాశాన్ని ఇప్పుడు ఎవరూ తీయలేరు. తర్వాత నగర వెలుగులు పెరిగి, కొత్త 48 అంగుళాల టెలిస్కోప్‌ను ఇబ్రహీంపట్నం దాటి జపాల్-రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది. రేడియోకు అలా తప్పుకుపోయే ఊరు లేదు. ఉపగ్రహం అన్ని ఊళ్ల మీదుగానూ వెళ్తుంది.

కంపెనీల వాదనా ఉంది. అడవి పల్లెలకు కేబుల్ వేయడం కష్టమన్నది నిజం. టెలిస్కోప్ వైపు కిరణం పడకుండా తిప్పే పద్ధతి మీద అమెరికా జాతీయ రేడియో అబ్జర్వేటరీతో స్పేస్‌ఎక్స్ కలిసి పనిచేసింది. అయితే ఆ పద్ధతి ప్రసార కిరణానికే వర్తిస్తుంది. సర్క్యూట్ నుంచి కారేదాన్ని అలా తిప్పలేరు, ఉపగ్రహాన్ని తయారుచేసేటప్పుడే కట్టడి చేయాలి. ధ్రువ స్పేస్, అనంత్ టెక్నాలజీస్ లాంటి ఉపగ్రహ తయారీ సంస్థలున్న హైదరాబాద్‌కు ఈ మాట నేరుగా తగులుతుంది.

2027 ప్రపంచ రేడియో సదస్సు ఎజెండాలో ఉపగ్రహ సమూహాల నుంచి రేడియో ఖగోళాన్ని కాపాడే అంశం ఉంది. కానీ దాని పరిధి టెలిస్కోపుల చుట్టూ రేడియో ప్రసారాలను కట్టడి చేసిన నిశ్శబ్ద మండలాలు, ప్రపంచమంతటా కేటాయించిన పట్టీల వరకే. 150.05–153 మెగాహెర్ట్జ్‌కు ఆ ప్రపంచవ్యాప్త హోదా లేదు. దాన్ని అక్కడ లేవనెత్తగల దేశాల్లో మనదొకటి. లైసెన్సు షరతుల్లో ఉపగ్రహాల రొదకు పరిమితి పెట్టాలంటే సదస్సు దాకా ఆగనక్కర్లేదు, ఆ అధికారం ఢిల్లీలోనే ఉంది.