డబుల్స్ జోడీయే ఓడించిన రోజు: షాషా గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన అమ్ములూ, చింటూ, టేబుల్ టెన్నిస్ (టీటీ) అకాడమీలో ఆడుకునే మిగతా పిల్లలందరికీ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి, అమ్ములు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని చెప్పింది. సెమీఫైనల్లో ఓడినందుకు కాదట, ఓడించింది తన డబుల్స్ జోడీ అయినందుకట. పొద్దున ఇద్దరూ కలిసి డబుల్స్ గెలిచారు, సాయంత్రం సింగిల్స్‌లో ఎదురుపడ్డారు, అప్పటి నుంచీ మాటల్లేవు. ఫోన్‌లో చెప్పబోతే "ఊఁ, సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది నీకొక్కదానికే కాదు, ఆ రెండో అమ్మాయికి కూడా. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివితే మరీ సంతోషం.

మీకు సున్ యింగ్‌షా గురించి చెప్పాలి. చైనాలో అభిమానులు ముద్దుగా షాషా అంటారు. మీరంతా ఆమెను ఎలా గుర్తుపెట్టుకున్నారో నాకు తెలుసు: మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజను పారిస్ ఒలింపిక్స్‌లో ఓడించిన చైనా అమ్మాయి! 2024 జులై 31, శ్రీజ పుట్టినరోజు. సింగపూర్ క్రీడాకారిణిని ఓడించి ప్రీక్వార్టర్స్‌కు, అంటే చివరి పదహారు మందిలోకి చేరింది. మనికా బత్రా తర్వాత అంత దూరం వెళ్లిన రెండో భారతీయురాలు మన శ్రీజే. ఆపై ఎదురుగా నిలబడింది ప్రపంచ నంబర్ వన్ షాషా. మొదటి రెండు గేమ్‌లూ 10-12, 10-12. టీవీ ముందు నేను కుర్చీ అంచుకు వచ్చేశాను. మూడోది 8-11, చివరిది 3-11. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ పడుకుని ఆలోచిస్తే మనసులో మెదిలింది శ్రీజ ఓటమి కాదు, ఆ రెండు గేమ్‌ల చివర్లో షాషా ముఖం. 10-10 దగ్గర టెన్షన్ మనందరికీ ఉంటుంది. ఆమెకు ఉండదా? ఉంటుంది. అది చేతిదాకా రాకుండా ఆపుకోవడం ఎక్కడ నేర్చుకుంది? దాని వెంటపడితే ఈ ఉత్తరంలో చెప్పబోయే కథంతా బయటికొచ్చింది.

షాషా 2000 నవంబర్ 4న హెబెయ్ రాష్ట్రంలోని షిజియాజువాంగ్‌లో పుట్టింది. ఐదేళ్లకే బ్యాట్ పట్టింది. చైనాలో టీటీకి ఒక నిచ్చెన ఉంది. ముందు ఊళ్లో స్పోర్ట్స్ స్కూలు, తర్వాత రాష్ట్ర జట్టు, ఆ పైన జాతీయ రెండో జట్టు, అన్నిటికన్నా పైన జాతీయ మొదటి జట్టు. ఒక్కో మెట్టుకూ ఎంతమంది జారిపోతారో ఊహించుకోండి. షాషా 2015లో రెండో జట్టుకూ, 2017లో మొదటి జట్టుకూ చేరింది.

అక్కడ సాధన ఎలా ఉంటుందో ఒక్క విషయం చెబితే మీకు అర్థమవుతుంది. మల్టీబాల్ అంటారు. మీ కోచ్ కూడా అప్పుడప్పుడు చేయిస్తారు కదా. కోచ్ పక్కన టబ్బు నిండా బంతులు. ఆయన ఒకటి కొట్టి, అది తిరిగొచ్చేదాకా ఆగడు, వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, నెట్ దగ్గర చిన్నదొకటి. పిల్ల పక్కకు జరిగి కొట్టి, మళ్లీ మధ్యకు వచ్చి మోకాళ్లు వంచేలోపు తర్వాతి బంతి వచ్చేసి ఉంటుంది. కొన్ని నిమిషాలకే నేలంతా తెల్లటి బంతులు. వాటిని ఏరి టబ్బు నింపి మళ్లీ మొదలు. ఒక్కో బంతి బరువు 2.7 గ్రాములు, వ్యాసం 40 మిల్లీమీటర్లు. అంత తేలికైన దానికి బ్యాట్ రబ్బరు అంటుకుని జారేటప్పుడు స్పిన్ వస్తుంది, అంటే బంతి గిరగిరా తిరుగుతుంది. ముందువైపుకు తిరిగే టాప్‌స్పిన్ బంతి టేబుల్‌ను తాకాక ముందుకు దూకుతుంది. దాన్ని కళ్లతో చూశాక నిర్ణయించుకునే వ్యవధి ఉండదు. అవతలి మనిషి భుజం, మణికట్టు చూసి కాళ్లు ముందే కదలాలి. అది ఆలోచన కాదు, అలవాటు. వేల టబ్బులు ఖాళీ చేస్తే వచ్చే అలవాటు.

షాషా పొడగరి కాదు, 1.6 మీటర్ల మనిషి. చేతులు చాచి టేబుల్ అంతా కప్పేయలేదు. అందుకని టేబుల్‌కు దగ్గరగా నిలబడి, బంతి ఎగిరీ ఎగరగానే కొట్టేస్తుంది. చేతులు చేయలేని పని కాళ్లతో చేయించుకుంటుంది. ఈసారి వీడియో చూసేటప్పుడు బంతిని వదిలేసి ఆమె పాదాల్నే చూడండి.

ఇక మొదటి జట్టుకు వచ్చిన ఏడాదే ఏం జరిగిందో వినండి. 2017 జూన్, జపాన్ ఓపెన్. ఆమెకు పదహారేళ్లు. సింగిల్స్ ఫైనల్లో తనకన్నా దాదాపు ఏడేళ్లు పెద్దదైన సొంత జట్టు అక్క చెన్ మెంగ్‌ను 4-3తో ఓడించి టైటిల్ గెలిచింది. మరి డబుల్స్ టైటిల్? అదీ షాషాదే. జోడీ ఎవరనుకున్నారు? అదే చెన్ మెంగ్!

అమ్ములూ, ఇక్కడ కాసేపు ఆగు. ఒకే టోర్నీలో భుజం భుజం కలిపి ఒక కప్పు గెలిచారు, ఎదురెదురుగా నిలబడి రెండో కప్పు కోసం కొట్టుకున్నారు. వాళ్లకు ఇది వింత కాదు. రోజూ ఒకే హాల్లో సాధన, ఒకే చోట తిండి. ప్రపంచంలో నిన్ను ఓడించగలిగే వాళ్లలో ఎక్కువమంది నీ పక్క టేబుల్ దగ్గరే ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించు. 1988లో టీటీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పారిస్ ముగిసేనాటికి మొత్తం 42 స్వర్ణాల్లో 37 చైనావే. వాళ్ల అసలు పోటీ వాళ్ల హాల్లోనే.

అందుకే ఆమె ఎదుగుదల తిన్నగా పైకి వెళ్లలేదు. 2018లో యూత్ ఒలింపిక్స్ సింగిల్స్ స్వర్ణం, 2019లో వాంగ్ మాన్యుతో కలిసి ప్రపంచ డబుల్స్ టైటిల్. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత టోక్యో.

కోవిడ్ వల్ల ఆ ఒలింపిక్స్ 2021లో జరిగాయి, హాల్లో ప్రేక్షకుల్లేరు. మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్లో జపాన్ జోడీ మిజుతాని, మిమా ఇటో చైనాను ఓడించేశారు. 2004 తర్వాత చైనా చేతిలోంచి ఒక ఒలింపిక్ స్వర్ణం జారిపోవడం అదే మొదటిసారి. మూడు రోజులకే సింగిల్స్ సెమీస్‌లో అదే మిమా ఇటోతో షాషా ఆడాలి. వయసు ఇరవై. దేశం మొత్తం కళ్లు ఆమె మీదే. మొదటి గేమ్ తేలిగ్గా గెలిచింది. రెండోది 3-9. ఇటోకు ఇంకో రెండు పాయింట్లు చాలు. మనమైతే ఏం చేస్తాం? ఈ గేమ్ పోతే పోయింది, మూడోదాంట్లో చూసుకుందాం అనుకుంటాం. నేనైతే ఎన్నోసార్లు అలా వదిలేశాను. మా ఆఫీసు క్లబ్బులో ఉన్నది ఒక్క టేబులే, గెలిచినవాళ్లే నిలబడతారు, ఓడినవాళ్లు మళ్లీ వరుసలో ఆఖరికి. అయినా సరే, వెనకబడితే చేతులు వదిలేసేవాణ్ని. షాషా వదల్లేదు. 4-9, 5-9, 6-9... వరసగా ఎనిమిది పాయింట్లు. 11-9. ఇటో ఆ తర్వాత కోలుకోలేదు, మ్యాచ్ 4-0.

అదే రోజు రాత్రి ఫైనల్. ఎదురుగా చెన్ మెంగ్. ఈసారి అక్క గెలిచింది, 4-2తో.

ఆ ఏడాది చివర్లోనే హ్యూస్టన్‌లో ప్రపంచ పోటీలు. ఇది నీ కథే అమ్ములూ, అచ్చంగా నీ కథే. షాషా, వాంగ్ మాన్యు కలిసి మళ్లీ డబుల్స్ గెలిచారు. సింగిల్స్ ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. మాన్యు 4-2తో గెలిచింది. జోడీయే ఓడించింది! అంటే కొన్ని నెలల తేడాలో రెండు అతిపెద్ద ఫైనల్స్, రెండింట్లోనూ ఓటమి, రెండుసార్లూ ఓడించింది సొంత జట్టువాళ్లే. 2022 జులైలో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు ఈ రెండు వెండి పతకాలు వెనక ఉన్నాయని మర్చిపోకూడదు. 2023లో డర్బన్‌లో ప్రపంచ సింగిల్స్ టైటిల్ దక్కింది. ఫైనల్లో ఎవరి మీద? చెన్ మెంగ్ మీదే.

దక్షిణ కొరియాలోని బుసాన్ సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 2024 ఫిబ్రవరి, ప్రపంచ టీమ్ పోటీల్లో భారత్, చైనా తలపడ్డాయి. ముందుగా మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టుదే గెలుపు. మన అయిహికా ముఖర్జీ షాషాను 3-1తో ఓడించింది! అయిహికా బ్యాట్‌కు ఒకవైపు యాంటీ స్పిన్ రబ్బరు ఉంటుంది, ఎదుటివాళ్ల స్పిన్‌ను తినేస్తుంది. బంతి అనుకున్నట్టు రాకపోయేసరికి షాషా అంతటిది కూడా తడబడింది. తర్వాత మన శ్రీజ నాలుగో ర్యాంకు వాంగ్ యిడిని 3-0తో కొట్టేసింది. భారత్ 2-1 ఆధిక్యం! నాలుగో మ్యాచ్‌కు షాషా మళ్లీ టేబుల్ దగ్గరికి రావాలి. కాసేపటి క్రితమే ఓడిన మనిషి. తను ఓడితే జట్టంతా ఓడినట్టే. వచ్చింది, మనికా బత్రాను 3-0తో ఓడించింది, చివరికి చైనా 3-2తో బయటపడింది. మనవాళ్లు గెలవలేదని బాధపడ్డాను గానీ, ఆ పిల్ల లేచి వచ్చిన తీరుకు లోపల దండం పెట్టుకున్నాను.

పారిస్‌లో మిక్స్‌డ్ స్వర్ణం వాంగ్ చుచిన్‌తో కలిసి గెలిచింది. సింగిల్స్ ఫైనల్లో మళ్లీ చెన్ మెంగ్, మళ్లీ 2-4. రెండు ఒలింపిక్స్, ఒకే మనిషి, ఒకే స్కోరు. ఆ రోజు హాల్లో చైనా అభిమానుల్లో చాలామంది షాషా పేరే అరిచారు. చెన్ మెంగ్‌ను ఎగతాళి చేసే అరుపులూ వినిపించాయి. తర్వాత ఆన్‌లైన్‌లో తిట్లు ఎంత దూరం వెళ్లాయంటే, ఆటగాళ్లనూ కోచ్‌లనూ దూషించిందని ఒక మహిళను బీజింగ్ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. తన దేశం కోసం రెండుసార్లు స్వర్ణం గెలిచిన అమ్మాయిని సొంతవాళ్లే ఎగతాళి చేయడమా? వారం తిరిగేసరికి షాషా, చెన్ మెంగ్ ఇద్దరూ వాంగ్ మాన్యుతో కలిసి ఒకే జట్టుగా నిలబడి జపాన్‌ను ఓడించి టీమ్ స్వర్ణం తెచ్చారు. అభిమానులకు అర్థంకానిది ఆ ముగ్గురికీ తెలుసు.

2025 మేలో దోహాలో ప్రపంచ సింగిల్స్ ఫైనల్ మళ్లీ షాషా, మాన్యుల మధ్యే. ఏడు గేమ్‌లూ ఆడాల్సి వచ్చింది. ఈసారి షాషా 4-3.

ఒక్క మాట పెద్దవాడిగా చెప్పాలి. ఆ నిచ్చెన మీద పైదాకా వచ్చినవాళ్ల కథలే మన దాకా వస్తాయి. చిన్నప్పుడే ఇల్లు వదిలి, ఏళ్లతరబడి బంతులు కొట్టి, మధ్య మెట్టు మీదే ఆగిపోయిన పిల్లలు ఎందరో. మీరు అలా పెరగాలని నేను కోరుకోను. మీకు బడి ఉండాలి, సెలవుల్లో మామిడితోట ఉండాలి, టీటీ కూడా ఉండాలి. షాషా దగ్గర మీరు తీసుకోవాల్సింది ఆ 3-9 దగ్గర నిలబడిన తీరు, మాన్యుతో మళ్లీ మళ్లీ ఆడిన తీరు.

అమ్ములూ, నీ డబుల్స్ జోడీ రేపు సాధనకు వస్తుంది కదా. నేను వచ్చే శనివారం రైలెక్కుతున్నాను, మీ ఇద్దరికీ చెరో డబ్బా బంతులు తెస్తున్నాను. నేనొచ్చేలోపు ఇద్దరూ కలిసి టోక్యో సెమీస్ రెండో గేమ్ వీడియో చూసి పెట్టండి. 3-9 తర్వాత షాషా తన సర్వ్ ఏమైనా మార్చిందా, లేక బంతి వేసే చోటు మార్చిందా? నాకు సరిగ్గా అంతుపట్టలేదు. మీరు కనిపెట్టి నాకు చెప్పాలి.

ప్రేమతో,
తాతయ్య