రొట్టె ఎవరి చేతుల మీదుగా? స్పెయిన్ అంతర్యుద్ధంలో అనార్కిస్టుల సహాయ సంస్థ నేపథ్యం

1936 జులైలో స్పెయిన్ సైన్యాధికారులు ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. బార్సిలోనా వీధుల్లో వాళ్లను అడ్డుకున్నవారిలో సిఎన్‌టి కార్మికులు ముందు వరసలో ఉన్నారు. లక్షల సభ్యత్వమున్న ఆ కార్మిక సమాఖ్యను నడిపించింది అనార్కిస్టు ఆలోచన. రాజ్యం, యజమాని, చర్చి ఎవరి పెత్తనమూ లేకుండా మనుషులు ఒకరికొకరు తోడుండి బతకగలరన్నది వాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి యుద్ధం పెట్టిన పరీక్ష చాలా కఠినమైనది. ఆ పరీక్షలోంచి పుట్టిందే ఎస్‌ఐఏ అనే వాళ్ల సహాయ సంస్థ.

గోధుమ పండే ప్రాంతాల్లో ఎక్కువభాగం తిరుగుబాటుదారుల వశమైంది. రిపబ్లిక్‌కు మిగిలినవి మాడ్రిడ్, బార్సిలోనా లాంటి పెద్ద నగరాలు, వాటిలోకి ప్రవాహంలా వచ్చిపడే కాందిశీకులు. 1937 ఫిబ్రవరిలో మలగా పడిపోయినప్పుడు వేలాది కుటుంబాలు సముద్రతీరం వెంట అల్మేరియా వైపు నడిచాయి. దారి పొడవునా ఓడల నుంచి, విమానాల నుంచి వాళ్ల మీద దాడులు జరిగాయి. బ్రిటన్, ఫ్రాన్స్ జోక్యం చేసుకోబోమని ఒప్పందం రాసుకున్నాయి. అదే ఒప్పందం మీద సంతకం చేసిన జర్మనీ, ఇటలీ తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకోకు విమానాలు, సైనికులు పంపుతూనే ఉన్నాయి. ఈ ద్రోహాన్ని తలచుకోకుండా ఆనాటి సహాయ ఉద్యమాల గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

1936 నవంబరులో అనార్కిస్టులు ఊహించని పని చేశారు, ప్రభుత్వంలో చేరారు. ఫెదెరికా మొంత్‌సెనీ ఆరోగ్య, సామాజిక సహాయ శాఖ మంత్రి అయ్యారు. శరణార్థులు, అనాథ పిల్లలు, ఆసుపత్రుల బాధ్యత ఆమె మీద పడింది. రాజ్యాన్నే వద్దన్నవాళ్లు మంత్రి పదవి తీసుకోవడమేమిటని విదేశాల్లోని సహచరులు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆకలితో ఉన్న పిల్లలు సిద్ధాంత చర్చ ముగిసేదాకా ఆగలేరు కదా.

అసలు మలుపు 1937 మే నెలలో వచ్చింది. బార్సిలోనా టెలిఫోన్ ఎక్స్ఛేంజి సిఎన్‌టి కార్మికుల అధీనంలో ఉండేది. దాన్ని పోలీసులు స్వాధీనం చేసుకోబోవడంతో రిపబ్లిక్ పక్షం వాళ్లే, ఒకవైపు అనార్కిస్టులు, మరోవైపు పోలీసులు, కమ్యూనిస్టులు, ఒకరినొకరు కాల్చుకున్నారు. ఇటలీ నుంచి వచ్చిన అనార్కిస్టు మేధావి కమిల్లో బెర్నేరి ఆ రోజుల్లోనే హత్యకు గురయ్యారు. ఆ తర్వాత మొంత్‌సెనీ మంత్రి పదవి పోయింది. అనేకమంది అనార్కిస్టులు తాము కాపాడుతున్న రిపబ్లిక్ జైళ్లలోనే బందీలయ్యారు. అప్పటికి బలంగా ఉన్న సహాయ సంస్థల్లో రెడ్ ఎయిడ్ ముఖ్యమైనది. అది మాస్కో నుంచి నడిచే కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ నీడలో పుట్టింది. కమ్యూనిస్టులతో తలపడి జైలుపాలైనవారికి అక్కడి నుంచి ఆసరా దొరుకుతుందన్న ఆశ లేదు.

అంతర్జాతీయ ఫాసిస్టు వ్యతిరేక సంఘీభావ సంస్థ, అంటే ఎస్‌ఐఏ, 1937లో సిఎన్‌టి చొరవతో పుట్టింది ఈ నేపథ్యంలోనే. సరిహద్దు దాటించాల్సిన ఆహారం, బట్టలు, మందులు, పిల్లల శిబిరాలు, ఖైదీల కుటుంబాల పోషణ దాని పనులు. బందీలకు, వాళ్ల ఇళ్లకు చందాలు పోగుచేయడం అనార్కిస్టులకు అంతకుముందు నుంచీ ఉన్న సంప్రదాయమే. రష్యా జారు చక్రవర్తి జైళ్లలోని సహచరుల కోసం కూడా వాళ్లు ఇలాగే సంఘాలు పెట్టుకున్నారు. కవయిత్రి, ‘స్వేచ్ఛా మహిళలు’ సంఘం స్థాపకుల్లో ఒకరైన లూసియా సాంచెస్ సావోర్నిల్ తర్వాతి కాలంలో ఎస్‌ఐఏ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

ఫ్రాన్స్‌లో ఎస్‌ఐఏ బాధ్యతను లూయీ లెక్వాన్ తీసుకున్నారు. యుద్ధాన్ని వ్యతిరేకించి అంతకుముందే ఏళ్ల తరబడి జైల్లో గడిపిన మనిషి ఆయన. లండన్‌లో పేరున్న అనార్కిస్టు వక్త ఎమ్మా గోల్డ్‌మన్. 1936 జూన్‌లో జీవితకాల సహచరుడు అలెగ్జాండర్ బెర్క్‌మన్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దుఃఖం ఆరకముందే, 67 ఏళ్ల వయసులో ఆమె స్పెయిన్ వెళ్లారు. సిఎన్‌టి ప్రభుత్వంలో చేరడాన్ని నేతల ముందే తప్పుపట్టారు, అయినా వాళ్ల కోసం చందాలు అడగడం మానలేదు. విభేదం ఉన్నంత మాత్రాన చెయ్యి వదిలేయని ఆ పట్టుదల నాకు ఆమె ఉపన్యాసాలన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఎథెల్ మానిన్, హెర్బర్ట్ రీడ్, జార్జ్ ఆర్వెల్ వంటి రచయితలు మద్దతిచ్చినా పెద్ద మొత్తాలు రాలేదు.

మన దేశం కూడా కదిలింది. 1938 జూన్‌లో నెహ్రూ, కృష్ణమీనన్ బాంబులు పడుతున్న బార్సిలోనాకు వెళ్లారు. స్పెయిన్‌లో గాయపడ్డవారికి వైద్యం చేసిన డాక్టర్ అటల్ ఆ ఏడాదే చైనాకు వెళ్లిన భారత వైద్య బృందానికి నాయకత్వం వహించారు.

1939 జనవరి 26న బార్సిలోనా ఫ్రాంకో చేతికి చిక్కింది. కొద్ది వారాల్లోనే దాదాపు 5 లక్షల మంది పిరనీస్ పర్వతాలు దాటి ఫ్రాన్స్ చేరారు. అర్జెలెస్, సెయింట్ సిప్రియన్ తీరాల్లో ముళ్లకంచెల నడుమ, మొదట్లో పైకప్పు కూడా లేకుండా, చలికాలపు ఇసుకలో వాళ్లను ఉంచారు. ఎస్‌ఐఏ పని ఇప్పుడు సరిహద్దుకు ఇవతల, ఫ్రాన్స్ వైపే ఉంది: శిబిరాల్లో ఉన్నవారికి తిండీ బట్టా అందించడం, చెదిరిపోయిన కుటుంబాలను కలపడం. గోల్డ్‌మన్ ఈ శరణార్థుల కోసం నిధులు కూడగట్టడానికి కెనడా వెళ్లి, 1940 మే 14న టొరంటోలో మరణించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లోని ప్రవాస కార్మికులు సంస్థను మళ్లీ నిలబెట్టి, ఫ్రాంకో జైళ్లలో ఉన్నవారికి, ముసలితనంలో ఒంటరైన సహచరులకు సాయం పంపడం కొనసాగించారు.